తోక ముందుకు వెళ్ళకూడదు

కుట్టుమిషన్లు బాగుచేసే మేస్త్రి ఒక ఆదివారం పొద్దున్నే, కాళ్ళను కరుస్తున్న కొత్త బూట్లతో, కోడలి వెనకాలే మినీబస్సు ఎక్కాడు. కొండ ఎక్కాలన్న సరదా ఆయనకు ఏ కోశానా లేదు. ఇంటి నుంచి వీధి మలుపులో ఉన్న దుకాణానికి నడిచి వెళ్ళడం, దుకాణం నుంచి ఇంటికి నడిచి రావడం, అంతే ఆయన ఎరిగిన ప్రయాణం. మరి ఆ బస్సు ఎందుకెక్కినట్టు అంటే, కోడలి మీద ఓ కన్నేసి ఉంచడానికి.

వ్యవహారం అంతదాకా ఎందుకు వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మేస్త్రికి ఒక్కగానొక్క కొడుకు. పసితనంలోనే తల్లి పోతే, తనే తల్లీ తండ్రీ అయి పెంచాడు. ఆ కొడుకు ఏరికోరి చేసుకున్న అమ్మాయికి ఆస్పత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. నరం దొరకని ముసలివాళ్ళూ, సూది కనబడితేనే కొంపలంటుకున్నట్టు ఏడ్చే పిల్లలూ, పక్కన ఎంతమంది ఖాళీగా ఉన్నా సరే, ఆమె చెయ్యే కావాలని కూర్చునేవాళ్ళు. మొగుడూ పెళ్ళాలు చిలకా గోరింకల్లా ఉండేవారు. అలాంటిది, తలనొప్పి అని కూడా ఎరగని మనిషి ఒక మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె, అన్నారు డాక్టర్లు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక ఆ ఇంట్లో మామా కోడలూ మిగిలారు. ఇకముందు ఏమిటని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఆమెకు పుట్టిల్లు ఉంది గానీ, అది అన్నా వదినెల సంసారం. చూసి రావడానికే తప్ప ఉండిపోవడానికి కాదు. వెళ్ళమని ఆయన అనలేదు, వెళతానని ఆమె అనలేదు. ఆమె వంట చేసి డ్యూటీకి వెళ్ళేది, సాయంత్రం ఆమె వచ్చేసరికి ఆయన గిన్నెలన్నీ కడిగి బోర్లించేవాడు. పాలు తెచ్చారా, గ్యాస్ అయిపోవచ్చింది, కొళాయి కారుతోంది, ఇవే మాటలు. పోయినవాడి ఊసు మాత్రం ఇద్దరిలో ఎవరి నోటా వచ్చేది కాదు. తను ఎత్తితే ఆ పిల్ల ఏడుస్తుందని ఆయన, తను ఎత్తితే ఈ పెద్దాయన కూలిపోతాడని ఆమె. రైలు కోసం కూర్చున్న ఇద్దరు పెద్దమనుషుల్లా, ఒకరికొకరు ఇబ్బంది కలగకుండా బతుకుతున్నారు.

అలా ఉండగా, ఆస్పత్రిలో పనిచేసే స్నేహితురాలొకతె ఆమెను ఓ ఆదివారం ట్రెక్కింగుకు లాక్కెళ్ళింది. ఊరి చుట్టుపక్కల కొండలు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే నడకలు, పాతిక మంది దాకా మనుషులు. మొదటిసారి వెళ్ళొచ్చిన రోజు కోడలు మొహం ఎండకు కంది, జుట్టులో గడ్డిపోచలతో వచ్చి, ఎన్నాళ్ళకో ఆకలేస్తోందని అంది. ఆ తర్వాత ఆదివారం వచ్చిందంటే ఆమె ఇంట్లో ఆగలేదు. కొన్నాళ్ళకు వంటింట్లోంచి కూనిరాగం వినిపించసాగింది. మేస్త్రి మనసు కొంత కుదుటపడింది. పోనీలే, ఆ పిల్లకైనా గాలి సోకుతోంది అనుకున్నాడు.

ఆయన చెల్లెలు పక్క వీధిలోనే ఉంటుంది. మనసులో దురుద్దేశం లేదు గానీ, నోట్లో నువ్వుగింజ నానదు. దుకాణానికి వచ్చి, పాత మిషను మీద చెయ్యి ఆనించి నిలబడి, వారం వారం పౌడరు రాసుకుని కొండలెక్కే ఆడదాన్ని తనెక్కడా చూడలేదంది. నిప్పు లేకుండా పొగ రాదంది. ఆ అమ్మాయి ఏదో ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే అన్నయ్య గతేం కావాలని కళ్ళొత్తుకుంది. మేస్త్రి ఆమెను కసిరి పంపేశాడు. కానీ చెవిలో పడ్డ మాట చెప్పులో పడ్డ రాయి లాంటిది. నడుస్తున్నంతసేపూ గుచ్చుతూనే ఉంటుంది. అప్పటిదాకా కంటికి ఆనని సంగతులన్నీ ఒక్కొక్కటే ఆనడం మొదలెట్టాయి. ఆదివారం ఆమె రెండు డబ్బాలు సర్దుతోంది. ఒక్క మనిషికి రెండు డబ్బాలెందుకు? ఫోను చూసుకుంటూ తనలో తను నవ్వుతోంది. నవ్వొచ్చే విషయం అందులో ఏముంది? ఆ ధ్యాసలో పడి మేస్త్రి ఓ దర్జీ మిషనుకు బెల్టు మెలిపెట్టి తగిలించి, చక్రం వెనక్కి తిరుగుతుంటే తెల్లమొహం వేసుకుని చూశాడు.

చివరికి ఒకరోజు, తనూ ఆదివారం వస్తానన్నాడు. డాక్టరు నడవమన్నాడని అబద్ధమాడాడు. కోడలు క్షణం తటపటాయించింది. మేస్త్రి ఆ క్షణాన్ని మనసులో గట్టిగా ముడేసుకున్నాడు. కానీ వెంటనే ఆమె మొహం విప్పారింది. సాయంత్రానికల్లా ఆయన పాత చెప్పు కొలత తీసుకెళ్ళి బూట్లు కొనుక్కొచ్చింది. నేల మీద కూర్చుని, ఆయన వద్దంటున్నా వినకుండా, లేసులు ఎలా బిగించాలో చూపించింది. ఆమె వంచిన తల చూస్తూ మేస్త్రి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

బస్సులో ఆయన అనుకోనిది జరిగింది. అక్కడ అందరికీ ఆయన తెలుసు. కోడలు డ్యూటీ నుంచి వచ్చేసరికి గిన్నెలు కడిగిపెట్టే మామగారు మీరేనా అని ఒకావిడ అడిగింది. అవునని ఆయన నసిగేసరికి బస్సులోని ఆడవాళ్ళంతా ఒక్కసారి తమ తమ భర్తల వైపు తిరిగి చూశారు. భర్తలు కిటికీల్లోంచి బయటికి చూశారు. కోడలు తన గురించి బయట మంచిగా చెబుతుందన్న సంగతి మేస్త్రికి అప్పుడే తెలిసింది. తెలిసి, సంతోషించాలో సిగ్గుపడాలో తేల్చుకోలేకపోయాడు.

కొండ దిగువన అందర్నీ నిలబెట్టి నాయకురాలు నియమాలు చెప్పింది. ఆవిడ బడిలో డ్రిల్లు టీచరుగా చేసి మానేసిన మనిషి. మెడలో విజిల్ మాత్రం మానలేదు. ముందు తను నడుస్తుందట. అందరికన్నా వెనక నారింజరంగు చొక్కా వేసుకుని ఒకరు నడుస్తారు, ఆ మనిషిని తోక అంటారు. తోక వెనక ఎవరూ మిగిలిపోకూడదు. ఎవరు ఎంత నెమ్మదిగా నడిచినా, ఎక్కడ కూలబడినా, తోక వాళ్ళను దాటి ముందుకు వెళ్ళకూడదు. ఇవాళ తోక, లిఫ్టులు బాగుచేసే అతను. పొట్టిగా, దిట్టంగా, ముందువైపు జుట్టు పలచబడ్డ ఆ మనిషి చెయ్యెత్తి, అందరూ తనవైపే చూస్తున్నందుకు ఇబ్బందిపడి, దించేశాడు.

మేస్త్రి కళ్ళు ఇంకొకడి మీద ఉన్నాయి. ఆజానుబాహువు, ఉంగరాల జుట్టు, మెడలో పెద్ద కెమెరా. కోడలితో ఏదో అన్నాడు, ఆమె పకపకా నవ్వింది. ఇద్దరూ ముందువరసలో పడి నడిచిపోయారు. వీడే అనుకున్నాడు మేస్త్రి. వెంటపడదామని రెండంగలు గట్టిగా వేశాడు గానీ, కొండకు ఆయన తొందరతో పనేముంది. మొదటి మలుపు తిరిగేసరికే ఊపిరి ఎగశ్వాస అయింది. రెండో మలుపు దగ్గర బండ మీద ఆనుకుని చూస్తే, ముందు ఎవరూ లేరు. వెనక లిఫ్టతను ఉన్నాడు.

ఆ మనిషి తొందరపెట్టలేదు. అడుగులు చిన్నవి వెయ్యమన్నాడు, నిటారుగా ఉన్నచోట అడ్డంగా ఎక్కమన్నాడు. తనకు బూటు లేసు ఊడిపోతోందని మాటిమాటికీ వంగి కట్టుకునేవాడు, ఆ పేరు చెప్పి ఇద్దరూ ఆగేవాళ్ళు. అలా చాలాసార్లు అయ్యాక గానీ మేస్త్రికి అర్థం కాలేదు, లేసు ఊడేది తనకు ఆయాసం వచ్చినప్పుడేనని. అర్థమయ్యాక ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతో మాటలు కలిశాయి. వారమంతా జనం మెట్లెక్కకుండా చూడటం తన ఉద్యోగమనీ, ఆ పాపం పోవడానికి ఆదివారం తనే ఎక్కుతున్నాననీ లిఫ్టతను అన్నాడు. తల్లి చాలా ఏళ్ళు మంచం పట్టి ఉండేదట. ఆవిణ్ణి చూసుకుంటూ ఉండగానే పెళ్ళి వయసు దాటిపోయిందట. ఆవిడ పోయాక ఆదివారాలు మరీ పొడుగైపోయి ఈ గుంపులో చేరానన్నాడు. అందులో తన మీద తనకు జాలేమీ లేదు, అరువు గొప్పలేమీ లేవు. లిఫ్టు తాళ్ళకు గ్రీజు ఎలా పట్టిస్తారో మేస్త్రి అడిగాడు, మిషను షటిల్‌కు ఏ నూనె వాడతారో అతను అడిగాడు. చెట్లు పలచబడి, కింద ఊరంతా అగ్గిపెట్టెలు పరిచినట్టు కనబడే చోటికి వచ్చేసరికి, ఇలాంటి మనిషి ఎదురై ఎన్నాళ్ళయిందో అనుకున్నాడు మేస్త్రి.

మనసు తేలికపడితే నోరు ఊరుకోదు. నీడలో కూర్చుని నీళ్ళు తాగుతూ మేస్త్రి, ఆ కెమెరా అబ్బాయి ఎలాంటివాడని అడిగాడు. చాలా మంచివాడనీ, ఈమధ్యే కవలపిల్లలు పుట్టారనీ, రాత్రంతా నిద్రలేక ఇక్కడికొచ్చి ఊపిరి పీల్చుకుంటాడనీ లిఫ్టతను చెప్పాడు.

"అయితే వాడు కాదా?" అనేశాడు మేస్త్రి. అనేశాక ఇక దాచడం అనవసరం అనిపించింది. "చూడు నాయనా, నువ్వు నెమ్మదస్తుడివి. నీకు చెప్పిన మాట నీ దగ్గరే ఉంటుంది. నేను నడవడానికి రాలేదు. మా కోడలు ఇక్కడ ఎవరితోనో…"

"మేస్త్రిగారూ, ఆగండి." లిఫ్టతను సీసా కింద పెట్టేశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇంకొక్క మాట కూడా చెప్పకండి. మీరు మనసు విప్పి చెబుతుంటే ఏమీ ఎరగనట్టు కూర్చుని వినడం మోసం అవుతుంది. మీరు వెతుకుతున్న మనిషిని నేనే."

మేస్త్రికి మొదట తట్టింది కోపం కూడా కాదు. ఇతనా, అనుకున్నాడు. పలచబడ్డ జుట్టు, మోకాళ్ళ దగ్గర వెలిసిన ప్యాంటు, పారల్లాంటి చేతులు. తన కొడుకు నిలబడితే గుమ్మం నిండేది. ఆ తర్వాత వచ్చింది కోపం. పొద్దుటి నుంచీ ఈ మనిషిని చూసి ముచ్చటపడ్డందుకు, తన మీద తనకే ముందుగా వచ్చింది. లేచి ఊతకర్ర అందుకున్నాడు. నువ్వు ముందు నడు, నా వెనక రావొద్దు అన్నాడు.

"కుదరదండి," అన్నాడు లిఫ్టతను తల వంచుకుని. "నేను తోకను. ముందుకు వెళ్ళకూడదు."

మేస్త్రి విసవిసా నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక బూట్ల చప్పుడూ ఆగింది. మళ్ళీ నడిచాడు, చప్పుడు మళ్ళీ వచ్చింది. ఓ రాయి మీద కూర్చున్నాడు. అల్లంత దూరంలో అతనూ కూర్చున్నాడు. తిడదామని వెనక్కి తిరిగితే, తిట్లు తినడానికి సిద్ధంగా ఉన్న ఆ మొహం చూసి తిట్టు గొంతులోనే ఉండిపోయింది. ఇక లాభం లేదని, ఈ మనిషిని వదిలించుకుంటే చాలని, మేస్త్రి బాట వదిలేసి పక్కనున్న బండ వైపు తిరిగాడు. అది దారి కాదండీ అని వెనకనుంచి కేక వినబడింది. వినబడింది కనుకే ఆయన ఇంకా గబగబా ఎక్కాడు.

బండ చూడటానికి వాలు తక్కువే అనిపించింది. సగం దాకా బాగానే సాగింది. అక్కడ రాయి నునుపుదేలింది. కొత్త బూటు సర్రున జారింది. మోకాళ్ళ మీద పడి, రెండు చేతులూ రాతికి ఆనించి, బల్లిలా కరుచుకుపోయాడు మేస్త్రి. పైకి వెళదామంటే పట్టు లేదు. కిందికి చూడగానే చెట్ల తలలన్నీ గిర్రున తిరిగాయి. కళ్ళు మూసుకున్నాడు. చచ్చిపోతానన్న భయం కన్నా, తగుదునమ్మా అని నిఘా వెయ్యడానికి వచ్చి ఇలా చచ్చాడని లోకం చెప్పుకుంటుందే అన్నది ఎక్కువగా బాధపెట్టింది.

"కదలకండి. నేను కింద ఉన్నాను. మీ కుడి బూటు కొంచెం దించండి."

దించితే బూటు కింద ఏదో గట్టిగా తగిలింది. ఎడమదాని కింద కూడా. కాసేపయ్యాక గానీ తెలియలేదు, అవి లిఫ్టతని అరచేతులని. అతను కింద ఓ పగులులో కాళ్ళు ఇరికించి నిలబడి, మేస్త్రి బరువంతా చేతుల మీద మోస్తున్నాడు. నారింజరంగు చొక్కా భుజానికి కట్టి ఉన్న విజిల్‌ను మెడ తిప్పి పళ్ళతో అందుకుని పొడుగ్గా ఊదాడు. చాలా పైనుంచి ఇంకో విజిల్ జవాబిచ్చింది. వస్తున్నారండీ, అన్నాడు.

ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదు. మనిషి చేతుల మీద నిలబడి మనిషి మీద ఎంతసేపని కోపంగా ఉంటాం.

"చేతులు నొప్పి పుట్టడం లేదా?" అని అడిగాడు మేస్త్రి, రాతితోనే మాట్లాడుతున్నట్టు.

"పుడుతున్నాయండి," అన్నాడు కింద మనిషి నిజాయితీగా.

మళ్ళీ కొంతసేపటికి మేస్త్రి, సంగతి ఎంతదాకా వచ్చిందని అడిగాడు. అతను దాచకుండా చెప్పాడు. నడకల్లో పరిచయం, అంతకుమించి ఏమీ లేదు. ఆమె కట్టే రెండో డబ్బా, ఇంట్లో వండిపెట్టే దిక్కులేని తన కోసం. పెళ్ళి చేసుకుందామని తనే ఈమధ్య అడిగాడు. ఆమె ఔననలేదు, కాదనలేదు. మావయ్యగారితో ఎలా చెప్పాలో తెలిశాక జవాబు చెబుతానంది. ఎలా చెప్పాలో ఇంకా తెలిసినట్టు లేదు.

ఇంతలో పైన గులకరాళ్ళు రాలాయి. కోడలు బండ అంచున కూర్చుని, జరుక్కుంటూ జరుక్కుంటూ ఆయన పక్కకు దిగింది. పైనుంచి డ్రిల్లు టీచరమ్మా కెమెరా అబ్బాయీ తాడు వదులుతున్నారు. ఆమె తాడు ఆయన నడుముకు కట్టింది. గొంతు ఎక్కడా వణకలేదు. ఆస్పత్రిలో సూదికి భయపడేవాళ్ళతో మాట్లాడే గొంతు అదే కాబోలు.

"కిందికి చూడకండి మావయ్యగారూ. నా చేతివైపే చూడండి. ఏం కాదు. నేను పట్టుకున్నాను."

ఒకే కప్పు కింద ఇన్నాళ్ళు ఉండి, ఆయన ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. బిడ్డను నడిపించినట్టు పక్కకు పక్కకు నడిపించుకుంటూ బాట మీదికి తెచ్చింది. లిఫ్టతను ఆ వెనకే ఎక్కి వచ్చి, అరచేతులు కనబడకుండా వెనక్కి పెట్టుకున్నాడు. చర్మం లేచిపోయి ఎర్రగా ఉండటం మేస్త్రి చూడనే చూశాడు. డ్రిల్లు టీచరమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు. మిగతావాళ్ళను వెంటబెట్టుకుని చెట్ల అవతలికి వెళ్ళిపోయింది. లిఫ్టతను కూడా దూరంగా వెళ్ళి నిలబడ్డాడు, అదీ వెనకవైపే.

కోడలు ఆయన ప్యాంటు మడిచి, చెక్కుకుపోయిన మోకాళ్ళు దూదితో తుడవసాగింది. నాకు తెలిసింది అమ్మాయ్, అన్నాడాయన. ఆమె చెయ్యి ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలింది. తల ఎత్తకుండానే, కోపం వచ్చిందా అని అడిగింది.

"వచ్చింది," అన్నాడు. "ఇప్పుడు చూస్తే అది కోపం కాదు, భయం. ఒంటరిగా ఉండాలనీ కాదు. వండుకోవడం రాకనీ కాదు. వాణ్ణి ఎరిగినవాళ్ళు ఆ ఇంట్లో నువ్వూ నేనే కదా. నువ్వు వెళ్ళిపోతే వాడు ఇంకోసారి పోతాడు."

దూది ఆమె వేళ్ళలోనే నలిగిపోయింది. కన్నీళ్ళు ఆయన మోకాలి మీదే పడ్డాయి.

"నాకూ అదే భయం మావయ్యగారూ. ఇంకో ఇంటికి వెళితే అక్కడ ఆయన పేరెత్తేవాళ్ళు ఉండరని." ముక్కు చీదుకుని అంది, "కానీ మన ఇంట్లో మాత్రం ఎత్తుతున్నామా?"

ఆమె కట్టు కట్టడం పూర్తిచేసేదాకా మేస్త్రి ఆమె తల మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

ఆ రోజు ఆయన ఎవర్నీ దీవించలేదు, ఎవరి చేతిలోనూ ఎవరి చెయ్యీ పెట్టలేదు. కుంటుకుంటూ కొండ దిగాడు, బస్సులో కళ్ళు మూసుకున్నాడు. మర్నాడు చెల్లెలు ఆత్రంగా దుకాణానికి వచ్చి ఏం చూశావన్నయ్యా అంటే, కొండ చాలా బాగుందన్నాడు. ఆమె ఎంత గిల్లినా అంతకుమించి పెదవి విప్పలేదు. వారం రోజులు లోపల్లోపలే కొట్టుమిట్టాడాడు. ఓసారి, పరాయివాడికి నా కోడల్ని అప్పగించడమేమిటి అనిపించేది. మరోసారి, ఆ పిల్ల నా సొత్తా అప్పగించడానికి అనిపించేది. ఏ పని చేస్తున్నా, బూట్ల కింద ఆనిన ఆ రెండు చేతులు గుర్తొచ్చేవి. పుడుతున్నాయండి, అన్న మాట గుర్తొచ్చేది. లేదండి అని ఉంటే ఆయన నమ్మేవాడు కాదు.

చివరికి ఒక పొద్దున, కాఫీ గ్లాసు కడుగుతూ, ఆమె వైపు తిరక్కుండానే అన్నాడు.

"ఆ లిఫ్టతన్ని ఒకరోజు భోజనానికి పిలువు. కొండ మీద అందరూ మంచివాళ్ళే. నాలుగు గోడల మధ్య ఎలా ఉంటాడో చూడాలి."

అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడిలా వచ్చాడు. అరచేతులు ఇంకా పూర్తిగా మానలేదు. మేస్త్రి ఓ కంట కనిపెడుతూనే ఉన్నాడు. వడ్డించింది అతను తిన్నాడు, బాగుందన్నాడు, పొగడ్తలు కురిపించలేదు. కూర గిన్నె అందుకోవడానికి కోడలు లేవబోతే తనే లేచి అందించాడు. గోడ మీది ఫొటో చూడకూడదని అతను పడుతున్న అవస్థ మాత్రం దాగలేదు. చూపు అటు వెళ్ళేది, వెనక్కి వచ్చేది. కాసేపటికి ఆ అవస్థ మానేసి, తిన్నగా ఫొటో వైపు తిరిగాడు.

"ఆయన ఎలా ఉండేవారు?" అని అడిగాడు.

పోయినప్పుడు ఎలా పోయాడని అందరూ అడిగారు. ఎలా ఉండేవాడని ఇన్నాళ్ళలో ఒక్కరూ అడగలేదు. మామా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలా అల్లరి, అన్నాడు మేస్త్రి మెల్లగా. చిన్నప్పుడు తండ్రి చూడకుండా మిషనెక్కి, బడి చొక్కా చేతులు రెండూ మూసి కుట్టేశాడు. మర్నాడు హడావుడిలో తొడిగితే తల ఒక్కటే బయటికొచ్చింది. ఆమెకు నవ్వాగలేదు. పెద్దయ్యాక కూడా అంతేనంది. ఒక్క పాటా పూర్తిగా వచ్చేది కాదు, రాని చోట సొంతమాటలు కల్పించి పాడేవాడు, అవే అసలు మాటలని పందెం కాసేవాడు. పాటలే కాదు, వాడు పద్యాలు కూడా అలాగే చదివేవాడన్నాడు మేస్త్రి. కాదు, పద్యాలు సరిగ్గానే వచ్చేవని ఆమె అడ్డుకుంది. నీకేం తెలుసమ్మా, పరీక్షలప్పుడు పక్కన కూర్చున్నది నేను, అని ఆయన. పెళ్ళయ్యాక రోజూ విన్నది నేను, అని ఆమె. పళ్ళేల్లో అన్నం ఎండిపోయింది. లిఫ్టతను ఒక్కో సంగతీ అడుగుతూ, నవ్వాల్సినచోట నవ్వుతూ కూర్చున్నాడు. ఎండ కిటికీలోంచి నేల మీదికీ, నేల మీంచి గోడ మీదికీ పాకింది. ఎవరికీ లేవబుద్ధి కాలేదు.

అతను వెళ్ళేటప్పుడు మేస్త్రి గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ వారం కూడా రమ్మన్నాడు.

వానలు పడేలోపే రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయింది. ట్రెక్కింగువాళ్ళంతా వచ్చారు. చెల్లెలు రానని భీష్మించుకుని, తీరా అందరికన్నా ముందే వచ్చి కూర్చుని, కోడలి చీర కుచ్చెళ్ళు సరిచేసింది. తమతోనే ఉండమని ఇద్దరూ మేస్త్రిని బతిమాలారు. కొత్త కాపురంలో తనెందుకని ఆయన ఒప్పుకోలేదు. ఆ ఇంట్లో ఆయన్నొక్కణ్ణీ వదిలి వెళ్ళడానికి ఆమె ఒప్పుకోలేదు. మాటలు తెగక, చివరికి అదే భవనంలో కింద వాటా ఖాళీ అయితే వాళ్ళు అందులో దిగారు. మేస్త్రికి రాత్రి భోజనం కింద, నిద్ర పైన. ఆదివారం నడకకు ముగ్గురూ వెళ్ళేవాళ్ళు. మేస్త్రి ఇప్పటికీ అందరికన్నా వెనకే. ఏ బండ జోలికీ పోడు.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. కోడలి రెండో మొగుణ్ణి ఏ వరస పెట్టి పిలవాలో, నలుగురికీ ఎవరని చెప్పాలో ఆయనకు తోచేది కాదు. ఓ సాయంత్రం దుకాణంలో మిషను బల్ల జరపడానికి సాయం వచ్చి వెళుతున్న అతన్ని చూసి, రవికెలు కుట్టే ఒకావిడ, ఆయన మీకేమవుతారని అడిగింది. మేస్త్రి కాసేపు తడుముకుని, మా కోడలి భర్త అన్నాడు.

"అంటే మీ అబ్బాయనేగా," అని నవ్విందావిడ.

"కాదమ్మా. ఈయన వేరు, మా అబ్బాయి వేరు," అన్నాడు మేస్త్రి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆవిడ మిషను తయారు కావడానికి ఇంకా టైముంది కనుక ఆవిణ్ణి కుర్చీలో కూర్చోమని, తన కొడుకు ఎలా ఉండేవాడో మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.